రాగి చెంబులో చేప

రాత్రి పడుకునే ముందు రాగి చెంబులో నీళ్లు పోసి పెట్టుకుని, పొద్దున్నే పరగడుపున గటగటా తాగేవాళ్లు మన ఇళ్లలో ఇప్పటికీ చాలామందే ఉన్నారు. ఇది ఉత్త నమ్మకమేం కాదు. 2012లో బెంగళూరు పరిశోధకులు కలరా, విరేచనాలు తెప్పించే సూక్ష్మజీవుల్ని నీళ్లలో కలిపి, ఆ నీళ్లను 16 గంటలు రాగి పాత్రలో ఉంచి చూశారు. తర్వాత పరీక్షిస్తే బతికున్న క్రిమి దొరకలేదు. అప్పటికి ఆ నీళ్లలోకి దిగిన రాగి ఎంతంటే, లీటరుకు సుమారు 177 మైక్రోగ్రాములు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలో వంతు. తాగేనీటిలో లీటరుకు 2,000 మైక్రోగ్రాముల దాకా రాగి ఉన్నా ఫరవాలేదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. కాబట్టి చెంబు నీళ్లు తాగేవాళ్లు నిశ్చింతగా తాగొచ్చు.

ఇప్పుడు అదే చెంబులో ఒక చేపపిల్లను వేశామనుకోండి.

మంచినీటి జీవుల కోసం అమెరికా పర్యావరణ సంస్థ ఒక లెక్క కట్టింది. నీటి కాఠిన్యం లీటరుకు 100 మిల్లీగ్రాములున్న చోట, జలచరాలు ఎక్కువకాలం బతకాల్సిన నీటిలో రాగి 9 మైక్రోగ్రాములు దాటకూడదు. కొద్దిసేపటికైతే 13. మన చెంబులో ఉన్నది 177. మనకు ఆరోగ్యాన్నిచ్చే నీళ్లు చేపకు ప్రాణాంతకం కావచ్చన్నమాట. చేపకన్నా ముందు, చేపపిల్లలు తినే నీటిఈగలు చస్తాయి. కంటికి ఆనీ ఆనని జీవులవి.

ఎందుకిలా? మనం నీళ్లు తాగితే రాగి కడుపులోకి పోతుంది. కావలసినంత ఒళ్లు తీసుకుంటుంది, మిగిలిన దాన్ని కాలేయం పైత్యరసంతో బయటికి గెంటేస్తుంది. చేప సంగతి వేరు. అది నీళ్లలోనే ఊపిరి పీలుస్తుంది. రోజంతా నీళ్లు దాని మొప్పల మీదుగా పోతూనే ఉంటాయి. మంచినీటి చేప ఒంట్లో ఉప్పు ఎక్కువ, చుట్టూ ఉన్న నీళ్లలో తక్కువ. ఒంట్లోని ఉప్పు కారిపోకుండా, పోయినదాన్ని మళ్లీ నీళ్లలోంచి లాక్కునే పని మొప్పలదే. రాగి వెళ్లి సరిగ్గా ఆ పని చేసే చోటే అతుక్కుంటుంది. ఒంట్లో ఉప్పు తగ్గుతూ తగ్గుతూ, చివరికి గుండె ఆగి చేప చస్తుంది. బయటికి గాయమూ ఉండదు, మచ్చా ఉండదు.

ఇంతకీ రాగి విషం కాదు. రాగి లేకపోతే మనకూ కుదరదు, పైరుకూ కుదరదు. రొయ్యకైతే మరీనూ. మన రక్తంలో ప్రాణవాయువును మోసేది ఇనుము, రొయ్య రక్తంలో మోసేది రాగి. అందుకే దాని రక్తానికి నీలిఛాయ. అలాంటి రొయ్య కూడా నీళ్లలో రాగి ఎక్కువైతే తట్టుకోలేదు. కూరలో ఉప్పులాంటిదే ఇదీ. కాకపోతే చిటికెడు ఎంతన్నది ఒక్కో జీవికి ఒక్కోలా ఉంది.

ఈ గొడవంతా ఎందుకు ఎత్తుకున్నానంటే, ఆమధ్య హైదరాబాద్ శివారులో ఒక ప్లేటింగ్ షెడ్డు చూశాను. బాలానగర్, జీడిమెట్ల, కాటేదాన్ లాంటి పారిశ్రామికవాడల్లో తిరిగినవాళ్లకు ఇలాంటి షెడ్లు కొత్తకాదు. పది పన్నెండు మంది పనివాళ్లు. రేకుల కప్పు. వరసగా తొట్లు. గడప దాటగానే ముక్కుపుటాలను కోసే యాసిడ్ వాసన. కింద నేలంతా తడి. ఇనప సామాన్లు, తలుపు గడియలు, బండ్ల భాగాలు కొక్కేలకు తగిలించి ఒక తొట్టిలోంచి తీసి ఇంకో తొట్టిలో ముంచుతుంటారు. మనం షాపులో తళతళలాడుతుందని మురిసిపోయి కొనే గడియకు పైన కనిపించేది క్రోమ్ పూత. దానికింద నికెల్. చాలాసార్లు ఆ నికెల్ కింద రాగి. మచిలీపట్నం పక్కన చిలకలపూడి రోల్డుగోల్డు నగల్లోనూ బంగారు పూత కింద ఉండేది రాగో ఇత్తడో. రాగి ఎక్కడా పైకి కనిపించదు, పనంతా కిందనుంచే చేస్తుంది.

బడిలో చేసిన ప్రయోగం గుర్తుందా? మైలుతుత్తం కలిపిన నీలిరంగు నీళ్లలో ఇనప మేకు వేస్తే కాసేపట్లో దానిమీద ఎర్రటి రాగి పేరుకునేది. గోటితో గీకితే రాలిపోయేది కూడా. ప్లేటింగ్ వాళ్లకు అలా రాలితే కుదరదు. అందుకే ఇనుముకు ముందు సైనైడ్ కలిసిన రాగి తొట్టిలో పల్చటి పూత వేస్తారు. తర్వాత మైలుతుత్తం, గంధకామ్లం కలిపిన తొట్టిలో కరెంటు పెట్టి మందంగా వేస్తారు. ఈ రెండో తొట్టిలో లీటరుకు దాదాపు 50 గ్రాముల రాగి ఉంటుంది. చెంబు నీళ్లలో ఉన్నదానికి ఇది రెండు లక్షల ఎనభై వేల రెట్లు.

ఆ తొట్టి నీళ్లు ఎవరూ పారబోయరు. అది వాళ్ల పెట్టుబడి. మరి రాగి బయటికెలా పోతుంది? తొట్టిలోంచి సామాను పైకి తీసినప్పుడు దానికి అంటుకుని వచ్చే తడితో పోతుంది. పక్కనున్న నీళ్ల తొట్టిలో దాన్ని జాడిస్తారు. రాగి ఆ జాడింపు నీళ్లలోకి దిగుతుంది, అక్కణ్నించి కాలవలోకి. ప్లేటింగ్ షెడ్డు మురుగంటే ప్రధానంగా ఈ జాడింపు నీళ్లే. మరలు, నట్లు లాంటి చిన్న సరుకును డ్రమ్ముల్లో వేసి తిప్పేచోట సందుసందునా ఇరుక్కుని ఇంకా ఎక్కువ తడి వస్తుంది.

"సామానుకు అంటుకొచ్చే తడి ఎంత సార్, బొట్లే కదా" అన్నాడు ఆ షెడ్డు యజమాని. మంచి మనిషి. దాచకుండా అన్నీ తిప్పి చూపించాడు. ఆయన మాట మీద నాకు పేచీ లేదు. కాకపోతే ఇంటికొచ్చాక కాగితం తీసి లెక్క వేశాను.

ఆ బొట్లన్నీ కలిపి ఒక లీటరు అయ్యాయనుకుందాం. అందులో రాగి 50 గ్రాములు. మన దేశంలో ప్లేటింగ్ పరిశ్రమ వదిలే నీళ్లలో రాగి లీటరుకు 3 మిల్లీగ్రాములు మించకూడదన్నది నిబంధన. ఆ ఒక్క లీటరును శుద్ధి చేయకుండా ఉత్త నీళ్లతోనే ఆ స్థాయికి దించాలంటే 16,000 లీటర్ల పైచిలుకు నీళ్లు కలపాలి. చేపకు కావలసిన 9 మైక్రోగ్రాములకు దించాలంటే 55 లక్షల లీటర్లు. పదివేల లీటర్ల ట్యాంకర్లయితే 550. ఒక్క లీటరు బొట్లకు!

నీళ్లు కలిపి పరీక్ష గట్టెక్కే పని అసలు చేయకూడదని నిబంధనలే చెబుతాయి. ఎందుకంటే ఎన్ని నీళ్లు కలిపినా 50 గ్రాముల రాగి 50 గ్రాములుగానే ఉంటుంది. సేంద్రియ మురుగైతే కొన్నాళ్లకు కుళ్లి, సూక్ష్మజీవులు తిని, ఎంతోకొంత మాయమవుతుంది. లోహానికి కుళ్లడం తెలియదు. ఇవాళ కాలవలో ఉంటుంది, రేపు చెరువు అడుగు బురదలో ఉంటుంది, ఎల్లుండి ఆ బురద తిని బతికే పురుగులో ఉంటుంది.

ఇక్కడ ఇంకో చిత్రం చూడండి. కాలవలోకి వదలదగ్గ నీళ్లకు పరిమితి 3 మిల్లీగ్రాములు. తాగేనీళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి 2 మిల్లీగ్రాములు. రెంటికీ తేడా ఎంతో లేదు. రాగి ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకుంటే, నిబంధన పాటించిన ప్లేటింగ్ మురుగు మనిషి తాగే నీళ్లకు ఓ అడుగు దూరంలో ఉన్నట్టే. చేపకు మాత్రం 330 రెట్ల దూరంలో ఉంది. ఈ 3 మిల్లీగ్రాముల అంకె వెనక మాట పైకి చెప్పని ఒక ఊహ ఉంది. కింద ఒక నది ఉంటుందని, అందులో కావలసినన్ని మంచినీళ్లు పారుతుంటాయని, అవి కలిసి మిగతా పని చూసుకుంటాయని. ఎండాకాలంలో హైదరాబాద్ దగ్గర మూసీని చూసినవాళ్లకు ఈ ఊహ ఎంత గట్టిదో నేను చెప్పనక్కర్లేదు. అక్కడ పారేదే మురుగు. నగరం చుట్టూ ఉన్న కుంటల్లోకైతే పైనుంచి వచ్చి కలిసే నీళ్లే ఉండవు, ఉన్నది ఎండి ఇంకా చిక్కబడుతుంది.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. రాగి అన్ని నీళ్లలోనూ ఒకేలా చంపదు. సబ్బు నురగ రాని కఠినజలంలో కాల్షియం ఎక్కువ. మొప్పల మీద చోటు కోసం అది రాగితో పోటీపడి చేపను కొంత కాపాడుతుంది. ఆకులూ అలమలూ కుళ్లిన నీళ్లలోని సేంద్రియ పదార్థం కూడా రాగిని పట్టుకుని దాని కోరలు కొంత పీకుతుంది. అమెరికా వాళ్లు 2007 నుంచి ఈ లెక్కలన్నీ కలిపి ఏ నీటికి ఆ పరిమితి కట్టే పద్ధతి తెచ్చారు. అలాగని మన బోరునీళ్లు ఉప్పనివి, మన మూసీ మురికిది కాబట్టి మనకేం భయంలేదని గుండెమీద చెయ్యేసుకుని పడుకోలేం. పట్టుకున్న రాగి అడుగుకు చేరుతుందంతే.

చావకపోయినా చెడిపోయేవి ఉంటాయి. అమెరికా పడమటి తీరంలో కోహో సాల్మన్ చేపపిల్లల మీద 2000 తర్వాత వరసగా పరిశోధనలు జరిగాయి. ఒక చేపను వేటజంతువు కొరికితే దాని చర్మం నుంచి వచ్చే వాసన పసిగట్టి మిగతా పిల్లలు కదలకుండా బిగుసుకుపోతాయి. ప్రాణం కాపాడుకునే ఎత్తు అది. నీళ్లలో లీటరుకు కొద్ది మైక్రోగ్రాముల రాగి కలిపి, మూడు గంటలు ఉంచితే చాలు, వాటికి వాసన తెలియలేదు. పక్కచేప చర్మం వాసన వస్తున్నా నింపాదిగా ఈదుతూనే ఉన్నాయి. అలాంటి చేపను మనం చచ్చిన చేపల లెక్కలో రాయం. దాన్ని పెద్దచేప మింగేస్తుంది, లెక్కకే దొరకదు. ఇలాంటి సంగతులు బయటపడ్డాకే వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2010లో చట్టాలు చేసి, బండ్ల బ్రేకు ప్యాడ్లలో రాగిని 2021కి 5 శాతానికి, 2025కి అర శాతానికి తగ్గించాలని గీత గీశాయి. బ్రేకు నొక్కినప్పుడల్లా రాలే పొడి వాననీటితో ఏరుల్లోకి పోతోందని! మన దగ్గర బ్రేకు పొడి దాకా ఎందుకు, తొట్టి పక్క కాలవ దగ్గరే ఉన్నాం ఇంకా.

రాగి పోగుపడితే ఏమవుతుందో కళ్లకు కనపడేలా చూపించింది తైవాన్. తైనాన్, కావోసియుంగ్ ప్రాంతాల మధ్య అర్‌రెన్ అనే నది ఉంది. దాని ఒడ్డున విదేశాల నుంచి వచ్చిన పాత లోహపు తుక్కు, వైర్లు, సర్క్యూట్ బోర్డులు తెచ్చి, కాల్చి, యాసిడ్‌తో కడిగి రాగి తీసేవాళ్లు. ప్లేటింగ్‌కు తలకిందులైన పని. అక్కడ లోహం ఎక్కిస్తారు, ఇక్కడ దించుతారు. కడిగిన నీళ్లు మాత్రం రెండుచోట్లా ఒకటే. 1986 జనవరిలో ఆ నది సముద్రంలో కలిసే చోట పెంచుతున్న ఆల్చిప్పలు తెరిచి చూస్తే లోపలి మాంసం ఆకుపచ్చగా ఉంది. తర్వాతి కాలంలో చేసిన పరీక్షల్లో ఎండిన మాంసం కిలోకు 4,000 మిల్లీగ్రాములకు పైగా రాగి తేలింది. ఆల్చిప్ప రోజంతా నీళ్లు పీల్చి వడకట్టుకుని తింటుంది. నీళ్లలో అంతంతమాత్రంగా ఉన్న రాగిని అది తన ఒంట్లో అన్ని రెట్లు కూడబెట్టింది. నది ఒడ్డున ఎన్నో ఏళ్లు సాగిన పనికి బిల్లు సముద్రంలో ఆల్చిప్పలు పెంచుకునేవాళ్లకు వచ్చింది.

నేల సంగతీ అంతే. జపాన్‌లో అషియో రాగి గని మురుగు వతరసే నది మీదుగా వరిపొలాల్లోకి పారి, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో రైతుల్ని రోడ్డుకీడ్చింది. ఆ దేశం 1970లో తెచ్చిన సాగునేలల చట్టం కింద వరిమడి మట్టిలో కిలోకు 125 మిల్లీగ్రాముల రాగి అన్నది హద్దు. రాగి ఎక్కువైతే వరి వేరు సాగదు, ఆకు పసుపెక్కుతుంది. రాగిలో చాలాభాగం వేళ్లలోనే ఆగిపోతుంది కాబట్టి గింజ తినేవాడికన్నా ముందు పండించేవాడు దెబ్బతింటాడు. బోర్డో మిశ్రమం కొట్టే తోటల రైతులకు మైలుతుత్తం చుట్టమే. అదీ ఏళ్లతరబడి కొడితే మట్టిలో పేరుకునేదే. యూరప్ వాళ్లు 2019 నుంచి ఏడేళ్లలో హెక్టారుకు 28 కిలోల రాగి మించకూడదని కట్టడి పెట్టుకున్నారు.

మళ్లీ షెడ్డులోకి వద్దాం. రాగిని నీళ్లలోంచి తీయడం కష్టమా అంటే, పుస్తకం ప్రకారం చాలా తేలిక. సున్నం వేసి నీళ్లను కాస్త క్షారగుణంలోకి తెస్తే, పీహెచ్ 9 దగ్గర రాగి హైడ్రాక్సైడుగా మారి నీలిరంగు ముద్దలా అడుగున పడుతుంది. పైన తేరిన నీళ్లు వదలొచ్చు. కానీ సైనైడ్ ఉన్న నీళ్లలో రాగి ఈ సున్నానికి లొంగదు. సైనైడ్ దాన్ని గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. ముందు బ్లీచింగ్ పౌడరో హైపోక్లోరైటో వేసి సైనైడ్‌ను విరగ్గొట్టాలి, తర్వాతే సున్నం. అమ్మోనియా కూడా ఇలాంటిదే. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో సాల్ట్ అనాలిసిస్ చేసినవాళ్లకు తెలుసు, రాగి లవణంలో అమ్మోనియా పోసేకొద్దీ ముందు ముద్దకట్టి, తర్వాత అది కరిగి ముదురు నీలం రంగు వస్తుంది. చూడ్డానికి అందంగా ఉంటుంది, మార్కులూ పడతాయి. సర్క్యూట్ బోర్డులు చేసేచోట మురుగులో ఆ రంగు కనిపించిందంటే మాత్రం సున్నం దండగ.

కాబట్టి సైనైడ్ నీళ్లకు ఒక కాలవ, యాసిడ్ నీళ్లకు ఇంకో కాలవ విడివిడిగా ఉండాలి. ఇది రాగి కోసమే కాదు. సైనైడ్ నీళ్లలో యాసిడ్ కలిస్తే హైడ్రోజన్ సైనైడ్ వాయువు పుడుతుంది. అక్కడ పనిచేసే కుర్రాడి ప్రాణం నిమిషాల్లో పోతుంది. నేను చూసిన షెడ్డులో కాలవలు రెండున్నాయి. గోడ దాటాక రెండూ ఒకే గుంటలోకి పోతున్నాయి. అడిగితే, "కలిసేసరికి పల్చబడతాయి సార్" అన్నాడాయన. నేను గట్టిగానే చెప్పాను. విన్నాడు. చేస్తాడో లేదో తెలియదు.

ఉమ్మడి శుద్ధి కేంద్రానికి పంపితే సరిపోదా అంటారు కొందరు. అక్కడ సేంద్రియ మురుగును తినేది సూక్ష్మజీవులు. రాగి చెంబులో క్రిములెందుకు చచ్చాయో అవీ అందుకే చస్తాయి. మురుగులోని అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా అయితే మరీ సుకుమారం. రాగిని ఎక్కడికక్కడ, పుట్టినచోటే పట్టుకోవాలి.

అన్నిటికన్నా చవకైన ఉపాయం రసాయనాలతో పనిలేనిది. సామాను తొట్టిలోంచి తీసి, వెంటనే పక్కకు లాగకుండా ఆ తొట్టి మీదే ఓ పది సెకన్లు ఆపితే చాలా తడి తిరిగి తొట్టిలోనే పడుతుంది. ఆపడానికి పైన ఒక అడ్డ పైపు, కొక్కెం చాలు. పీసు లెక్కన కూలీ తీసుకునేవాడు పది సెకన్లు ఎందుకు ఆగుతాడన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు యజమాని దగ్గరుంది. తొట్టికీ తొట్టికీ మధ్య ఏటవాలుగా ఒక పలక పెడితే దారిలో కారేదీ వెనక్కి పోతుంది. ఇక జాడించే తొట్లు ఒకటికి బదులు రెండు పెట్టి, కొత్తనీళ్లు చివరి తొట్టిలో వదిలి, అది పొర్లి ముందు తొట్టిలోకి వచ్చేలా చేస్తే నీళ్ల లెక్కే మారిపోతుంది. గంటకు లీటరు తడి వస్తోందనుకోండి. దాన్ని వెయ్యో వంతుకు దించాలంటే ఒక్క తొట్టితో గంటకు 1,000 లీటర్లు కావాలి. రెండు తొట్లతో 32 లీటర్లు. మూడింటితో పది. బోరు నీళ్లు ట్యాంకర్ ధరకు కొనే చోట ఇది కాలుష్య నియంత్రణ మండలి చెబితే చేయాల్సిన పని కాదు.

ఆ జాడింపు నీళ్లనే మళ్లీ తొట్టిలో పోసుకోవచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. వేడి తొట్లయితే పోయొచ్చు, ఆవిరైపోయిన మేరకు చోటుంటుంది. సైనైడ్ రాగి తొట్టి, నికెల్ తొట్టి అలాంటివి. మైలుతుత్తం తొట్టి మామూలు వేడిలోనే నడుస్తుంది, పెద్దగా ఆవిరవదు. అందుకని ఆ తొట్టి తర్వాత నీళ్లు నిలవుంచే ఒక తొట్టి పెట్టి, అందులో చిన్న కరెంటు పలకలు దించి, రాగిని రేకులా మళ్లీ తీస్తారు. ఆ రేకు తుక్కు దుకాణంలో అమ్ముడుపోతుంది.

ఇంత చేసినా చివరికి ఆ నీలిముద్ద మిగులుతుంది. ప్లేటింగ్ మడ్డి ప్రమాదకర వ్యర్థం కిందికి వస్తుంది. ఆరబెట్టి, సంచుల్లో కట్టి, హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లయితే దుండిగల్‌లోని వ్యర్థాల నిర్వహణ కేంద్రానికి డబ్బు కట్టి పంపాలి. దూరమూ ఖర్చూ చూసుకుని చాలామంది సంచులు నిండేదాకా ఆగుతారు. నేను చూసిన షెడ్డులో వెనకగోడ వారగా అలాంటి సంచులు ఇరవై దాకా ఉన్నాయి. కొన్ని పిగిలి ఉన్నాయి. నీళ్లలోంచి కష్టపడి తీసిన రాగి అది. వర్షపు నీళ్లకు కాస్త యాసిడ్ తోడైతే మళ్లీ కరిగి బయల్దేరుతుంది. వానలు పడకముందే పంపించేయమన్నాను. లారీకి సరిపడా అయ్యాక పంపుతానన్నాడు. అది ఏప్రిల్ నెల.